అమ్మడానికి వీలులేని ఆటలు

“నువ్వా?” అన్నాడు హుంగ్.

ఆదివారం నుంచి మేమిద్దరం మాట్లాడుకోవడం లేదు. గురువారం పొద్దున పళ్ళు తోముకుంటూ బయటికి వచ్చిన నాతో నా మొగుడు నేరుగా అన్న మొదటి మాట అది. నాలుగు రోజులు కూడబెట్టిన మౌనాన్ని ఇంత చౌకగా ఖర్చుపెడతాడని నేను అనుకోలేదు.

“నేనేంటి?” అన్నాను నోటినిండా నురగతోనే.

అతను టీవీ వైపు చూపించాడు. కొట్లో ఉన్న ఆట యంత్రం నిన్న సాయంత్రం మొరాయించింది. ఎవరో అమ్మకానికి తెచ్చిన కంట్రోలర్ పనిచేస్తుందో లేదో చూడాలి. అందుకని ఇంట్లో యంత్రాన్ని పొద్దున్నే వెలిగించాడు. ఏడాదికి పైగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదని మా నమ్మకం. ఇప్పుడు తెర నిండా చిన్న చిన్న బొమ్మలు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కో బొమ్మ ఒక్కో ఆట.

“నలభై ఒకటి,” అన్నాడు. “రెండుసార్లు లెక్కపెట్టాను. ఒక్కదానికీ పెట్టె లేదు, యంత్రంలో దూర్చే కార్డు లేదు. అన్నీ డౌన్‌లోడ్.”

ఆ మాట మా ఇంట్లో ఎవరూ గట్టిగా అనరు. మోంగ్‌కాక్‌లో, ఫూక్ సింగ్ ఆర్కేడ్ అనే కొట్ల సముదాయం కింది అంతస్తులో, ఇరవై ఆరేళ్ళుగా ఆటల పెట్టెలు అమ్ముకుని బతుకుతున్న ఇల్లు మాది. మాంసం కొట్టువాడి వంటింట్లో పొయ్యి మీద పప్పు ఒక్కటే ఉడుకుతుంటే వాడి మొహం ఎలా ఉంటుందో హుంగ్ మొహం అలా ఉంది.

“పెట్టె లేని సరుకు నేను కొంటానా? మళ్ళీ అమ్ముకోలేనిదాని మీద డబ్బు పెట్టే మనిషిలా కనిపిస్తున్నానా నీకు?”

అది అతనికి న్యాయంగానే తోచినట్టుంది. గది తలుపు వైపు తిరిగి, “వింగ్-సమ్, ఇలా రా,” అని కేక వేశాడు.

మా అమ్మాయి ఒక కాలికి బూటు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని వచ్చింది. పళ్ళ డాక్టరు దగ్గర పని చేస్తుంది. తొమ్మిదికల్లా అక్కడ ఉండాలి.

“ఇవి నీవేనా?”

“నాన్నా, నాకు ఆటలంటే పడదని నీకు తెలుసుగా. పుట్టిన దగ్గర్నుంచి ఆ ప్లాస్టిక్ పెట్టెల వాసనే. నేను తాగిన పాలక్కూడా అదే వాసన ఉండేది.”

“మరి ఎవరు? దొంగ వచ్చి కొనిపెట్టి పోయాడా?”

అది ఒక్క క్షణం వంటింటి వైపు చూసి, వెంటనే బూటు తాడు మీదికి చూపు దించుకుంది. కొనేవాడి నోరు ఏమన్నా సరే, కన్ను మొదట ఎటు పోయిందో పట్టుకోవడమే మా వృత్తి. నేను వంటింట్లోకి వెళ్ళాను.

అత్తగారు చిన్న పీట మీద కూర్చుని పెసర మొలకల తోకలు తుంచుతోంది. ఆవిడకి డెబ్భై ఆరేళ్ళు. రెండు గోడల అవతల ఎవరో మాజాంగ్ ఆట పలకలు కలుపుతుంటే ఈ పీట మీద కూర్చునే వినగలదు. ఇవాళ మాత్రం ముందు గదిలో ఇంత గొడవ జరుగుతుంటే తల ఎత్తలేదు.

“అత్తయ్యా,” అన్నాను.

“నలభై ఒకటి కాదు, నలభై మూడు,” అంది మొలక తుంచుతూనే. “రెండు పక్క పేజీలో ఉన్నాయి. మీట కుడివైపుకి నొక్కమను.”

ముందు గదిలో మీట నొక్కిన చప్పుడు వినిపించింది. తర్వాత సోఫాలో కూలబడిన చప్పుడు.

*

ఎందుకు కొన్నావని హుంగ్ ముందుగా అడగలేదు. వ్యాపారి కొడుకు కదా, “ఎక్కడ కొన్నావు?” అని అడిగాడు.

గాల్లోంచి ఆట దింపుకోవాలంటే డబ్బు నింపిన కార్డు కావాలి. అది ఏదో ఒక కొట్లో కొనాలి.

“నీ కొట్టు ఎదురుగానే. తాబేలు బొమ్మ ఉంటుందే, అక్కడ.”

“లావు టామ్ దగ్గరా?”

“మంచివాడు. వెళ్ళగానే కుర్చీ వేస్తాడు, వేడినీళ్ళు ఇస్తాడు.”

“అమ్మా, వాడు నాకు ఇరవై ఏళ్ళుగా ఎదురు కొట్టువాడు. నువ్వు రోడ్డు దాటి, రైలెక్కి, నా కొట్టు ముందు నుంచే నడిచి వాడి దగ్గరికి వెళ్ళావా?”

“ముందు నుంచి కాదు, వెనక మెట్ల మీద నుంచి. నీ కొట్లో కొంటే నీకు తెలిసిపోదూ?”

“వాడైనా నాతో ఒక్క ముక్క అనలేదు.”

“నేనే అనొద్దన్నాను. మాట నిలబెట్టుకున్నాడు. అదీ వ్యాపారమంటే.” ఈ చివరి మాట ఆవిడ నా వైపు చూస్తూ అంది.

“డబ్బెక్కడిది?”

“మాజాంగ్.”

“అంత గెలుస్తావా నువ్వు?”

“నీలాంటివాళ్ళు ఇద్దరు ఎదురుగా కూర్చుంటే ఇంకా గెలుద్దును.”

గుమ్మం దగ్గర వింగ్-సమ్ రెండో బూటు తొడుక్కుంది. “ఖాతా తెరిచి ఇచ్చింది నేనే నాన్నా. చెప్పనని నానమ్మ ఒట్టు వేయించుకుంది. నాకు ఆలస్యమైపోతోంది,” అంటూనే తలుపు వేసుకుని వెళ్ళిపోయింది. ఇది ఇలా తప్పించుకు తిరగడం ఎవరి దగ్గర నేర్చుకుందా అని అప్పటిదాకా అనుకునేదాన్ని.

“అడిగితే మేం తేమా అత్తయ్యా? కొట్టు నిండా ఉన్నవి అవే కదా. ఏది కావాలంటే అది తెచ్చిచ్చేవాళ్ళం,” అన్నాను.

“తెచ్చేవాళ్ళే. పట్టుకుపోయేవాళ్ళు కూడా.”

ఆ మాట ఎక్కడికి వస్తుందో నాకు అర్థమైంది.

కొత్త ఆటకు మొదటి వారమే ధర. కొన్నవాళ్ళు గబగబా ఆడేసి, తిరిగి తెచ్చి, పైన కొంత వేసి ఇంకోటి పట్టుకుపోతారు. రోజు గడిచేకొద్దీ తిరిగి తెచ్చిన ఆట ధర తగ్గుతూ ఉంటుంది. మా ఆర్కేడ్‌లో అందరూ బతికేది ఈ మార్పిడి మీదే. అందుకని ఇంటికోసం విప్పిన పెట్టె ఏదైనా తొమ్మిది రోజుల్లో తిరిగి కొట్టు బల్ల మీద ఉండాలని ఒక నియమం ఉంది. అది హుంగ్ పెట్టింది కాదు. ఈ ఇంటికి కోడలుగా వచ్చిన ఏడాదే నేను పెట్టాను. మామగారు బతికుండగా నలుగురిలో నన్ను మెచ్చుకున్నది దానికే.

“నాలుగేళ్ళ కింద నాకు మోకాలి ఆపరేషన్ అయింది,” అంది అత్తగారు. “లేవలేక పడి ఉంటే నువ్వే తెచ్చిచ్చావు, పొలం ఆట.”

“గుర్తుంది.”

“పన్నెండు లిచీ మొక్కలు నాటాను. ఆ ఆటలో రెండేళ్ళు గడిస్తేగానీ కాపుకు రావు. ఆటలో ఏడాదిన్నర గడిచింది. నీళ్ళు పోశాను, గాలివానకు కట్టెలు పాతాను. పూత కూడా వచ్చింది. తొమ్మిదో రోజు పొద్దున లేచి చూస్తే యంత్రంలో కార్డు లేదు.”

ఆ తొమ్మిదో రోజు నాకు బాగా గుర్తు. మర్నాడు మరో పెద్ద ఆట విడుదలవుతోంది, పాతది పడిపోతుంది. అందుకని పొద్దున్నే తీసుకెళ్ళి రెండువందల తొంభై డాలర్లకు ఒక కాలేజీ పిల్లకు అమ్మాను. ధర గుర్తుంది. ఆ పిల్ల గొడుగు రంగు కూడా గుర్తుంది. పూత వచ్చిన సంగతి అత్తగారు ముందురోజు భోజనాల దగ్గర చెప్పిందేమో, అది మాత్రం గుర్తులేదు.

“ఒక్క మాట అనొచ్చుగా.”

“ఏమని? ఇంటికి అన్నం పెట్టే సరుకుని నా చెట్ల కోసం ఆపమనా? నెలరోజులు ఊరుకున్నాను. తర్వాత పిల్లని పట్టుకుని అదే ఆట గాల్లోంచి దింపించాను. తెరిచి చూస్తే నా చెట్లు నేను వదిలిన చోటే ఉన్నాయి. పూత కూడా రాలలేదు.”

రాలదు. ఆడినదంతా యంత్రంలోనే ఉంటుంది, కార్డు తలుపు తీసే తాళంచెవి మాత్రమే. “కార్డు ఇచ్చేసినా మీరు ఆడింది ఎక్కడికీ పోదండీ” అని కొట్లో రోజుకు పదిమందికి చెబుతాను. చెబితేనే కార్డు ఇస్తారు. ఇంట్లో చెప్పాల్సిన అవసరం నాకు ఎప్పుడూ రాలేదు.

హుంగ్ సోఫాలోంచి లేచి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

“అమ్మా, నేను కోపంతో చెప్పడం లేదు. అది నీది కాదు. పెట్టె కొంటే పెట్టె నీదే. ఇది ఆ కంపెనీ వాళ్ళ దగ్గరే పడి ఉంటుంది. రేపు వాళ్ళకి బుద్ధి పుట్టి తీసేస్తే పోతుంది. నువ్వు అమ్ముకోలేవు, మార్చుకోలేవు, ఇంకొకళ్ళకి ఇవ్వలేవు.”

“కొనేటప్పుడు టామ్ కూడా అదే చెప్పాడు.”

“చెప్పినా కొన్నావా?”

“అందుకే కొన్నాను. అమ్మడానికి వీలులేనిది ఈ ఇంట్లో ఒక్కటైనా ఉండాలి కదరా.”

కుళాయి సరిగ్గా కట్టినట్టు లేదు. గిన్నెలో ఒక్కో చుక్కా పడుతోంది. ఎవరూ వెళ్ళి కట్టలేదు.

నేను లెక్క వేశాను. లెక్క వేయకుండా ఉండటం నాకు రాదు. ఇరవై ఆరేళ్ళు, నా చేతుల మీదుగా ఎన్ని వేల పెట్టెలు వెళ్ళాయో. ఇంట్లో అరలన్నీ తిరగేసినా ఒక్క పెట్టె దొరకదు. కుమ్మరి ఇంట్లో నీళ్ళు తాగడానికి కుండ లేనట్టు. ఇన్నాళ్ళూ అది నా సమర్థత అనుకున్నాను.

హుంగ్ గొంతు సవరించుకున్నాడు. “సరే. నలభై మూడు కాదు, నాలుగువందలు కొనుక్కో. కానీ శనివారం మధ్యాహ్నం పన్నెండింటికల్లా ఆ కాగితం మీద నీ సంతకం పడాలి.”

ఆ కాగితం ఆదివారం వచ్చింది. మా మాటలు ఆగిపోయింది దాని వల్లే. ఆర్కేడ్ యజమాని పంపాడు. ఇదే అద్దెకు మూడేళ్ళు రాసుకుంటారా, లేక నెలాఖరుకు ఖాళీ చేస్తారా, శనివారం పన్నెండింటికి తేల్చమన్నాడు. అత్తగారూ మామగారూ బొమ్మల కొట్టు పెట్టుకున్న రోజుల నుంచి ఒప్పందం ఆవిడ పేరు మీదే ఉంది. సంతకం పెడదామని హుంగ్. జనం మళ్ళీ పెట్టెల దగ్గరికి వస్తారని అతని ఆశ. వదిలేద్దామని నేను. అదే ఆర్కేడ్ మూడో అంతస్తులో చిన్న గది తీసుకుని పాత ఆటలు మాత్రం అమ్ముకుందామని నా లెక్క. మీరిద్దరూ ఒక మాట మీదికి రండి, అప్పుడు చూస్తానని అత్తగారు కాగితాన్ని బియ్యం డబ్బా కింద పెట్టింది. ఆ రోజు నుంచి, “మీ నాన్నతో చెప్పు, సోయా సాస్ అయిపోయిందని,” “మీ అమ్మతో చెప్పు, నాకు తెలుసని,” అంటూ మధ్యలో వింగ్-సమ్ అరిగిపోయింది.

“సంతకం పెట్టేముందు సరుకు చూసుకోవాలి కదా. రేపు నేను కొట్టుకి వస్తాను. పన్నెండు నుంచి ఆరు దాకా కూర్చుంటాను,” అంది అత్తగారు.

“రేపు శుక్రవారం అమ్మా. రద్దీగా ఉంటుంది.”

“రద్దీ ఉంటే మంచిదేగా.”

హుంగ్ నా వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను. శుక్రవారం రద్దీ చూసి ఎన్నాళ్ళయిందో ఇద్దరికీ తెలుసు.

*

అత్తగారు పెళ్ళిళ్ళకు తొడుక్కునే ముదురు నీలం దూది కోటులో వచ్చింది. కొట్టుకు రావడం ఎనిమిదేళ్ళలో ఇదే మొదటిసారి. నీళ్ళ ఫ్లాస్కు తనే తెచ్చుకుంది. బల్లకూ అరకూ మధ్య పీట వేయించుకుని కూర్చుని, నాలుగు వైపులా చూసింది.

“ఖాళీగా ఉందేం?”

“ఇప్పుడేగా తెరిచాం అమ్మా. జనం మూడు దాటాక వస్తారు.”

“జనం సంగతి కాదు. అరల సంగతి.”

హుంగ్ రెండు పెట్టెల మధ్య సందు కనిపించకుండా వాటిని కొంచెం జరిపాడు.

మొదటి బేరం ఒంటిగంటకు. ఆఫీసు గుర్తింపు కార్డు మెడలో వేసుకున్న ఒకావిడ, కొడుకు పుట్టినరోజుకు కొత్త ఆట కావాలంది. హుంగ్ పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. అత్తగారు చెయ్యి చాపి, పైన కాగితం విప్పించి, మూత తెరిచి చూసింది. లోపల వేలెడంత చీటీ ఉంది, దాని మీద అంకెలు.

“ఇందులో ఆటేదిరా?”

“ఆ అంకెలు కొడితే దిగుతుందమ్మా.”

“గాల్లోంచా?”

“గాల్లోంచే.”

“మరి ఈ పెట్టె ఎందుకు?”

హుంగ్ పెట్టెకు మూత పెట్టాడు. “బహుమతి ఇవ్వడానికి బాగుంటుంది.”

చేతిలోకి వచ్చిన బేరం జారిపోయేది ఇలాంటప్పుడే. ఆ ఆఫీసు ఆవిడ నవ్వేసింది. “పుట్టినరోజుకి చీటీ ముక్క ఇస్తే మావాడు ఏడుస్తాడు మామ్మా. పెట్టె ఉండనివ్వండి,” అని డబ్బు ఇచ్చి వెళ్ళింది.

“నిన్న నలభై మూడుకి నన్ను అన్ని మాటలన్నావు,” అంది అత్తగారు. “నువ్వు అమ్మేదీ అదేగా. మూత పెట్టి అమ్ముతున్నావు.”

హుంగ్ నవ్వకూడదనుకున్నాడు. భుజాలు కదిలిపోయాయి.

తర్వాత టాక్సీ యిప్ వచ్చాడు. పదమూడేళ్ళుగా మా దగ్గరే మారుస్తాడు. ఐదు డాలర్ల తేడా కోసం అరగంట వాదిస్తాడు, టాక్సీ మీటరు మీద ఒక్క సెంటు కూడా వదలడు. మంగళవారం కొన్న ఆటను బల్ల మీద పెట్టి, “ఇవాళ ఎంతకి తీసుకుంటావు హుంగ్ అన్నా?” అన్నాడు.

“పూర్తయిందా?” అంది అత్తగారు.

“ఎక్కడ మామ్మా. సగం కూడా కాలేదు. రేపటికి ఇంకో ముప్పై తగ్గుతుంది మరి.”

“అందులో చెరసాలలో ఒక రాణి ఉంటుంది. బయటపడిందా?”

“తెలీదు.”

“తెలుసుకోకుండానే ఇచ్చేస్తున్నావా? ముప్పై డాలర్లకి?”

యిప్ బుర్ర గోక్కున్నాడు. “అన్నీ అంతే మామ్మా. ఏ కథకీ చివర ఏమైందో నాకు తెలీదు. ఆడటం కూడా డ్యూటీలాగే ఉంటుంది. గడువులోగా తిరిగి ఇవ్వాలి.”

“ఇంటికి పో. రాణి బయటపడ్డాక తీసుకురా.”

మాతో ఐదు డాలర్లకు పేచీ పెట్టే మనిషి, నోరెత్తకుండా పెట్టెను సంచిలో వేసుకున్నాడు. “హుంగ్ అన్నా, మీ అమ్మ మీ కొట్టు మూయించేలా ఉందే.”

“తెరిచి ఉంచాలన్నా ఆవిడే,” అన్నాడు హుంగ్.

యిప్ వెళ్ళబోయి ఆగాడు. బల్ల మీదికి వంగి గొంతు తగ్గించాడు. “మామ్మా, ఆ వంతెన దగ్గర కాపలా రాక్షసుణ్ణి ఎలా కొట్టాలి? పదకొండుసార్లు చచ్చాను.”

“కొట్టడం ఎందుకు? ఊళ్ళో పన్లు చేసుకుంటూ వానాకాలం దాకా ఆగు. నది పొంగుతుంది. వాడే కొట్టుకుపోతాడు.”

“ఇంటర్నెట్‌లో ఎవడూ ఈ మాట చెప్పలేదే.”

“వాళ్ళందరికీ కత్తి తిప్పడమే తెలుసు. ఓపిక పట్టడం ఎవడికి తెలుసు?”

నడవలో పోతున్న ఇద్దరు కుర్రాళ్ళు ఆగారు. వాళ్ళను చూసి ఇంకొకామె ఆగింది. మూడున్నరకు మా గుమ్మం ముందు ఏడుగురు ఉన్నారు. లావు టామ్ తన కొట్లోంచి వెన్ను ఆనుకునే కుర్చీ మోసుకొచ్చాడు.

“మామ్మగారూ, ఆ పీట మీద నడుం పట్టేస్తుంది. ఇందులో కూర్చోండి.”

“టామ్, నీతో నాకు వేరే లెక్క ఉంది,” అన్నాడు హుంగ్.

“ఉంటే ఉండనీ. నీకు అమ్మేమో గానీ నాకు నాలుగేళ్ళ కస్టమరు,” అని కుర్చీ దిండు సర్ది వెళ్ళాడు.

జనం అడుగుతూనే ఉన్నారు. మా అమ్మకి చూపు ఆనదు, అక్షరాలు పెద్దగా ఉండే ఆట ఏది? మా నాన్న రిటైరయ్యాడు, గోడ చూస్తూ కూర్చుంటున్నాడు, ఏమిమ్మంటారు? అత్తగారు వాళ్ళకి ఎదురు ప్రశ్నలు వేసేది. మీ నాన్న ఏం పని చేసేవాడు? చేపలు పట్టడం ఇష్టమా, బండి నడపడం ఇష్టమా? ఓడిపోతే ఊరుకుంటాడా, గిన్నెలు విసురుతాడా? అన్నీ విని ఒక పేరు చెప్పేది.

“మొగుడూ పెళ్ళాం పోట్లాడుకోకుండా ఆడేది ఉందా?” అని అడిగిందొక కొత్త పెళ్ళికూతురు.

“అలాంటిది ఇంకా తయారు కాలేదమ్మా. మా ఇంట్లో అయితే అసలు లేదు.”

నేను వంగి సొరుగులో ఏదో వెతుకుతున్నట్టు నటించాను.

కొన్నవాళ్ళలో సగంమందికి పెట్టె అక్కరలేదు. పేరు రాసుకుని, డబ్బు నింపిన కార్డు కొనుక్కుని, ఇంటికి వెళ్ళి దింపుకుంటామన్నారు. కార్డు మీద మాకు మిగిలేది చేప పొలుసంత. అయినా వాళ్ళు మా బల్ల ముందే నిలబడి ఉన్నారు. ఇంట్లో తెర మీద వేలు జరిపితే పదివేల బొమ్మలు. వాటిలో ఏది నీకు పడుతుందో చెప్పే మనిషి ఒక్కరూ లేరు. ఇన్నేళ్ళూ మేం పెట్టె మీద లాభం వేసుకుని, మాటని కొసరుగా ఇచ్చాం. ఇప్పుడు జనం కొసరు కోసం వరస కట్టారు.

ఆ రోజు లెక్కల్లో నాకు కొత్తగా కనిపించింది అదొక్కటే. అదొక్కటే నా నాలుగు రోజుల లెక్కంతా పాడుచేసింది.

*

ఆరు కొట్టింది. అత్తగారు కాగితం అడిగింది. హుంగ్ సంచిలోంచి తీసి బల్ల మీద పరిచాడు. బియ్యం డబ్బా అడుగు దాని మీద గుండ్రంగా అచ్చుపడి ఉంది. ఆవిడ పెన్ను మూత తీసింది.

“అమ్మా, వద్దు,” అన్నాడు హుంగ్.

ఆవిడ చెయ్యి ఆగింది.

“పొద్దున్నుంచి చూస్తున్నాను. ఖాళీ పెట్టె అమ్మాను. యిప్‌కి పదమూడేళ్ళలో ఒక్క కథ పూర్తి కాలేదంటే అది నా ధరల పట్టిక వల్ల. నీ చెట్ల సంగతీ అంతే. పెట్టెల కోసం జనం మళ్ళీ వస్తారని ఆశపడ్డాను. వచ్చిన జనం నా అర వైపు చూడను కూడా లేదు. వదిలేద్దాం. లింగ్ చెప్పిందే నిజం,” అంటూ నన్ను చూపించాడు.

లింగ్ చెప్పిందే నిజం. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ మాట వినాలని చూస్తున్నాను. వచ్చింది, కానీ రాకూడని రోజు వచ్చింది.

“ఆగు,” అన్నాను. “వదలడానికి వీల్లేదు.”

తల్లీ కొడుకూ ఒకేసారి నా వైపు తిరిగారు.

“నాలుగు రోజులు నాతో మాట్లాడకుండా కూర్చున్నది వదిలేద్దామనేగా నువ్వు?” అన్నాడు హుంగ్.

“అప్పుడు నాకు సరుకు కనిపించలేదు. ఇవాళ కనిపించింది.”

“ఏది సరుకు? మా అమ్మా?”

“అవును. మూడో అంతస్తులో ఆవిడ కూర్చుంటే ఎవరికి కనిపిస్తుంది? మెట్లెక్కి ఎవరొస్తారు? నడవలో పోయేవాడు ఆగాలంటే కింది అంతస్తే కావాలి.”

“నన్ను అమ్ముతావన్నమాట,” అంది అత్తగారు. “తొమ్మిది రోజుల్లోనా, కొంచెం ఎక్కువ ఉంచుతావా?”

నాకు నవ్వొచ్చింది, హుంగ్‌కి రాలేదు.

“ఆవిడకి డెబ్భై ఆరు. ఒక్క మోకాలు ఇప్పటికే బాగుచేయించాం. మూడేళ్ళ అద్దె తెచ్చి ఆ రెండో మోకాలి మీద పెడతావా?”

ఎదుటివాడి దగ్గర సరైన ధర వినపడినప్పుడు నేను కాదనను. “ఒక్కరోజు బేరం చూసి మూడేళ్ళు రాసివ్వకూడదని నాకూ తెలుసు,” అన్నాను. “కానీ ఇవాళ ఈ గుమ్మం ముందు నిలబడ్డవాళ్ళని నువ్వు చివరిసారి ఎప్పుడు చూశావో చెప్పు.”

అతను నడవ వైపు చూశాడు. మా ఇద్దరికీ ఒకళ్ళ మాట ఒకళ్ళు ఒప్పుకోవడం అలవాటు లేదు. అందుకే ఒప్పుకున్నా కూడా పోట్లాటలాగే ఉంటుంది.

అత్తగారు మమ్మల్ని మార్చి మార్చి చూసింది.

“ఆదివారం ఒకడు తూర్పు, ఒకతె పడమర. ఇవాళ వాడు పడమరకి వచ్చాడు, నువ్వు తూర్పుకి పోయావు. నా దగ్గర ఉన్న సంతకం మాత్రం ఒక్కటే.” పెన్నుని కాగితం మీద అడ్డంగా పెట్టింది. “కూర్చోబెడతావా, మోకాలి మీద పెడతావా అని మీలో మీరు తేల్చుకుంటున్నారు. కూర్చుంటావా అని నన్ను ఒక్కళ్ళూ అడగలేదు.”

“కూర్చుంటావా అమ్మా?” అన్నాడు హుంగ్ వెంటనే.

“ఇప్పుడు అడిగితే ఇప్పుడే చెప్పాలా? రేపు పన్నెండు దాకా టైముంది కదా.”

ఫ్లాస్కు చంకలో పెట్టుకుని లేచింది. ఎదుటి కొట్లోంచి లావు టామ్ పరుగెత్తుకొచ్చి చెయ్యి అందించాడు. ఇద్దరూ ఏదో ఆట గురించి మాట్లాడుకుంటూ నడవ చివర మలుపు తిరిగారు. ఆవిడ వెనక మెట్ల వైపు పోలేదు, ముందు గుమ్మం నుంచే వెళ్ళింది.

హుంగ్ కాగితం వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను పెన్ను మూత కోసం బల్ల కింద వెతికాను.

“ఇదేనాండీ ఆ కొట్టు?”

తల ఎత్తితే ఒకావిడ. నర్సు బట్టల మీదే స్వెటర్ వేసుకుంది, రైలు దిగి నేరుగా వచ్చినట్టుంది. చేతిలో ఫోను, అందులో మా గుమ్మం ఫోటో, మధ్యలో నీలం కోటు.

“ఎవరికి ఏ ఆట సరిపోతుందో చెప్పే మామ్మ ఉంటారట కదా. మా అమ్మకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పోయింది. ఒంటి చేత్తో ఆడేది ఏమైనా ఉందేమో అడగాలి. రేపు సాయంత్రం అమ్మని తీసుకొస్తే ఆవిడ ఉంటారా?”

“ఉంటారు,” అన్నాను.

“ఉండరు,” అన్నాడు హుంగ్.

ఇద్దరం ఒకేసారి అన్నాం. ఆమె నన్ను చూసింది, అతన్ని చూసింది. బల్ల మీద సంతకం లేని కాగితాన్ని చూసింది. దాని పైన ఆర్కేడ్ ముద్ర పెద్దదిగానే ఉంటుంది.

“పోనీ, కొట్టయినా ఉంటుందా?” అంది.

ఆ మాటకు మాత్రం ఇద్దరం ఒకేసారి కాగితం మీది పెన్ను వైపు చూశాం.